దుబాయ్ నుంచి ఇంటికి మాట్లాడే దారి తెరిపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గల్ఫ్ వార్త మన పత్రికల్లో ఎక్కువగా రెండు సందర్భాల్లోనే కనిపిస్తుంది. ఎవరో పోయి శవపేటిక శంషాబాద్‌లో దిగినప్పుడు, లేదంటే ఏజెంటు చేతిలో మోసపోయి ఎవరైనా ఎడారిలో ఇరుక్కున్నప్పుడు. ఆ రెండూ రాయాల్సినవే. కానీ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ప్రతి రాత్రీ పడే కష్టం ఇంకొకటుంది. యూఏఈలో, అంటే దుబాయ్, షార్జా, అబుదాబిలలో పనిచేసే మనవాళ్లు వాట్సాప్‌లో ఇంటికి ఫోన్ చేసి మాట్లాడలేరు. మెసేజ్ పెట్టుకోవచ్చు, ఫొటో పంపుకోవచ్చు, గొంతు రికార్డు చేసి పంపుకోవచ్చు. వాయిస్ కాల్, వీడియో కాల్ మాత్రం ఆ దేశంలో ఆపేశారు.

తెలియనివాళ్లు సిగ్నల్ లేదనుకుంటారు. ఇక్కడి నుంచి కాల్ చేస్తే అవతల రింగవుతుంది, ఎత్తుతారు కూడా. ఆ తర్వాత తెర మీద ‘కనెక్టింగ్’ అని అలాగే ఉండిపోతుంది, మాట రాదు. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం ఇంటర్నెట్ కాల్స్ సేవ అందించే హక్కు లైసెన్సున్న ఎతిసలాత్, డూ కంపెనీలకే ఉంది. వేరే యాప్ ఏదైనా ఆ కంపెనీలతో ఒప్పందం చేసుకుని, అనుమతి తెచ్చుకుంటేనే నడుస్తుంది. 2018 మొదట్లో స్కైప్‌ను కూడా ఆపేసి, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లకు ఫోన్ మీద నెలకు 50 దిర్హాంల ప్యాకేజీ పెట్టారు. అప్పటి లెక్కలో అది దాదాపు 900 రూపాయలు. వెయ్యి, పన్నెండు వందల దిర్హాంల జీతంలో మెస్సు ఖర్చు పోను ఇంటికి పంపాల్సినవాడికి అది చిన్న మొత్తం కాదు.

మెసేజ్‌లు ఉన్నాయి కదా, వాటితో సర్దుకోలేరా అని పట్నంలో ఉండేవాళ్లు అడుగుతుంటారు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ను. నా దగ్గర చదివే పిల్లల్లో తండ్రి గల్ఫ్‌లో ఉన్నవాళ్లు చాలామంది. మా వీధిలో ఒకామె బీడీలు చుడుతుంది. భర్త షార్జాలో లేబర్ క్యాంపులో ఉంటాడు. ఆమెకు చదువు అంతగా రాదు కాబట్టి మెసేజ్ టైపు చేయలేదు. ఒళ్లో చాట పెట్టుకుని, తంబాకు అంటిన వేలితో మైక్ గుర్తు నొక్కిపట్టి చెప్పుకుంటూ పోతుంది. పిల్లవాడికి జ్వరం వచ్చిందని పొద్దున్నే పంపిన మాట అతను డ్యూటీ నుంచి వచ్చి స్నానం, వంట అయ్యాక రాత్రి వింటాడు. “ఎంతుంది జ్వరం? ఏ డాక్టరుకు చూపెట్టినవ్?” అని అతను అడిగేసరికి ఇక్కడ ఆమె నిద్రలో ఉంటుంది. మన టైముకు వాళ్లు గంటన్నర వెనక. ఆమె జవాబు అతనికి మర్నాడు రాత్రి గానీ చేరదు. అప్పటికి పిల్లవాడు బడికి కూడా వచ్చేస్తాడు. ఆ తండ్రి మాత్రం ఒక రోజంతా టెన్షన్‌తో ఎత్తయిన పరంజా మీద నిలబడి పనిచేశాడు.

చిట్టీ డబ్బుల దగ్గర ఒకసారి ఇద్దరికీ మాటామాటా వచ్చింది. ఎదురుగా మాట్లాడుకుంటే పది నిమిషాల్లో సర్దుకునే గొడవ. కోపంలో రికార్డు చేసిన మాటలను ఆమె మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేది, ఏడ్చేది. రోజుల తరబడి సాగింది.

చావు దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. సెలవు దొరక్క, టికెట్టుకు డబ్బు లేక రాలేని కొడుకులు తల్లిదండ్రుల అంత్యక్రియలు ఫోన్‌లోనే చూసుకుంటున్నారు. మా ఊళ్లో ఒక ముసలామె పోయినప్పుడు చిన్న కొడుకు తలకొరివి పెట్టాడు. దుబాయ్‌లో ఉన్న పెద్ద కొడుకు ఫోన్ వేరే దేశంలో ఉన్నట్టు చూపించి అక్కడి అడ్డు దాటించే ఏదో ఉచిత వీపీఎన్ యాప్ వేసుకుని వీడియో కాల్‌లోకి వచ్చాడు. చుట్టాల పిల్లవాడు ఫోన్ పైకెత్తి పట్టుకుని “అన్నా, కనవడుతుందా?” అని అడుగుతూనే ఉన్నాడు. పాడె లేపే సమయానికి కాల్ ఆగిపోయింది. మళ్లీ కలిసేసరికి చితి అంటుకుంది. ఆ కొడుకు ఎవరిని తిట్టాలో తెలియక ఫోన్ పట్టుకున్న పిల్లవాడినే తిట్టాడు.

ఈ వీపీఎన్‌ల సంగతి మన జనానికి గట్టిగా చెప్పాలి. క్యాంపుల్లో ఒకరి నుంచి ఒకరు ఫోన్‌లో ఎక్కించుకుంటారు. అక్కడ వీపీఎన్ వాడటమే నేరం కాదు. కానీ దాన్ని అడ్డు పెట్టుకుని చట్టవిరుద్ధమైన పని చేస్తే 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాంల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అతి తక్కువ జరిమానా అన్నా మన రూపాయల్లో కోటి పైమాటే. బిడ్డ మొహం చూడటానికి వేసుకున్న యాప్‌తో ఇంత ముప్పు ఉండొచ్చని ఆ కూలీకి ఎవరు చెప్పారు? పైగా ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్ ఉన్న ఫోన్‌లోనే బ్యాంకు యాప్ కూడా ఉంటుంది. అనుమతి ఉన్న యాప్ అయితే భద్రమే అని కూడా కళ్లు మూసుకుని అనలేం. అక్కడ బాగా వాడిన టోటాక్ యాప్‌తో వాడేవాళ్ల మీద నిఘా పెడుతున్నారని 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసింది. గూగుల్, యాపిల్ రెండూ దాన్ని తమ స్టోర్ల నుంచి తీసేశాయి.

వాళ్ల దేశం, వాళ్ల చట్టం, మనం ఎలా అడుగుతాం అనేవాళ్లున్నారు. పక్కనే ఉన్న సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులోనే నిబంధనలకు లోబడిన ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. మన కడప, కోనసీమల నుంచి ఎంతోమంది వెళ్లే కువైట్‌లో వాట్సాప్ కాల్ మామూలుగా కలుస్తుంది. అంతెందుకు, 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు యూఏఈయే చదువుల కోసం, ఆఫీసు పనుల కోసం జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటివాటికి అనుమతి ఇచ్చింది. ఆఫీసు మీటింగుకు తెరిచిన దారిని కాపురాలకు తెరవమని అడగడం తప్పెలా అవుతుంది?

అడిగే బలం మనకుంది. యూఏఈలో భారతీయులు 35 లక్షలకు పైనే. 2022లో రెండు దేశాల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కుదిరింది. 2023 జూలైలో ప్రధాని అబుదాబి వెళ్లినప్పుడు రూపాయి, దిర్హాంలలోనే వ్యాపారం చేసుకోవడానికి, మన యూపీఐని అక్కడి చెల్లింపుల వ్యవస్థతో కలపడానికి ఒప్పందాలు రాసుకున్నారు. డబ్బు ఇటు రావడానికి ఇంత శ్రమ పడ్డారు, మంచిదే. ఆ డబ్బు పంపే మనిషి మాట కూడా ఇటు రావాలని మనవాళ్లు గట్టిగా పట్టుబట్టిన దాఖలా నాకైతే కనిపించలేదు.

ఈలోగా ఇక్కడ చేయగలిగిన పనులూ ఉన్నాయి. విదేశాంగ శాఖ వలస కార్మికులకు ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో ఏ యాప్‌లకు అక్కడ అనుమతి ఉందో, వీపీఎన్‌తో ఏం ప్రమాదమో ఫోన్ చేతికిచ్చి చూపించాలి. విజిట్ వీసా మీద పోయేవాళ్లు ఆ శిక్షణ దాకా రానే రారు. అందుకే గ్రామ పంచాయతీల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో కూడా చెప్పాలి. యాప్ ఎక్కించాల్సింది అతని ఫోన్‌లోనే కాదు, ఇక్కడ ఇంట్లో ఉన్న ఆమె ఫోన్‌లో కూడా. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం, హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ కుటుంబాల ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టిన తెలంగాణ ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

నిజామాబాద్, కరీంనగర్, పెద్దపల్లి ఎంపీలకు మీ పత్రిక ద్వారా ఒక్కటే విన్నపం. యూఏఈతో జరిగే చర్చల్లో ఇంటర్నెట్ కాల్స్ అంశాన్ని ఎప్పుడైనా లేవనెత్తారా, లేవనెత్తితే అటు నుంచి ఏం జవాబు వచ్చిందని విదేశాంగ మంత్రిని వచ్చే పార్లమెంటు సమావేశాల్లో రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబును మీరు జిల్లా ఎడిషన్లలో అచ్చు వేస్తే మా ఊళ్లలో చదివి వినిపించే బాధ్యత నాలాంటి టీచర్లం తీసుకుంటాం.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
జగిత్యాల జిల్లా