ఆపరేషన్‌కు ముందు బొమ్మ చూపించి చెప్పండి

తమిళనాడు ఆరోగ్యశాఖ కార్యదర్శి గారికి నమస్కారాలు.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి వైద్యం కోసం రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగేవారు ఎందరో. ఇక్కడి డాక్టర్లంటే వారికి గట్టి నమ్మకం. కానీ ఆపరేషన్ గురించి చెప్పేది సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో సాగిపోతుంది. అర్థం కాకపోయినా తలూపి, చూపించిన చోట సంతకం పెట్టేస్తారు. చికిత్స ఏమిటో, లాభనష్టాలేమిటో, వేరే మార్గాలేమున్నాయో తెలిసి ఇచ్చిందే అసలైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

ఒక ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కు ముందు మా పెద్దమ్మ చేతికి మూడు బంతుల ఊపిరి పరికరం ఇచ్చారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. ఆమె బుడగ ఊదినట్టు ఊదుతూ, బంతి కదలడం లేదని బెంగపడింది. పక్క మంచం ఆవిడ పీల్చి చూపించాక గానీ తెలియలేదు. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చేయించే కసరత్తు అది! గాలి ఎటు పోవాలో బాణం గీసిన బొమ్మ ఒక్కటి గోడ మీద ఉంటే ఆ బెంగ తప్పేది.

మత్తుకు ముందు పాలు 6 గంటలు, మంచినీళ్లు 2 గంటలు ముందే మానాలన్నది సాధారణ నియమం. గ్లాసెడు పాలకు ఏమవుతుందిలే అనుకునేవారికి గడియారం బొమ్మ చాలు.

కీళ్ల నమూనాలు, బొమ్మల అట్టలు, తెలుగు మాటలతో చిన్న వీడియోలు ప్రతి సర్జరీ వార్డులో పెట్టించండి. అవి డాక్టరు మాటకు బదులు కాకూడదు. చూపించాక, ఏం అర్థమైందో రోగి నోటనే చెప్పించి, ఆ తర్వాతే సంతకం తీసుకోమని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
చెన్నైలో స్థిరపడిన ఒక తెలుగు పౌరురాలు