లెప్టిన్ పరీక్ష కన్నా టేపు నయం

సంపాదకులకు నమస్కారం.

కొవ్వు కణాలు వదిలే లెప్టిన్, అడిపోనెక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు చేయించుకోమంటారా అని షుగర్ ఉన్నవాళ్లూ, వస్తుందేమోనని భయపడేవాళ్లూ అడగడం ఈ మధ్య ఎక్కువైంది. అక్కర్లేదు. ఎందుకంటారా?

కొవ్వంటే మిగులు తిండి దాచుకునే గోనెసంచి మాత్రమేనన్న నమ్మకానికి 1994లో గట్టి దెబ్బ తగిలింది. ఆ ఏడాది న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును పట్టుకుంది. నిల్వలు చాలు, ఆకలి తగ్గించమని కొవ్వు కణాలు మెదడుకు పంపే కబురే లెప్టిన్. లావుపాటి వాళ్లలో అది తక్కువేమో అనుకుంటాం. సాధారణంగా ఎక్కువే ఉంటుంది, మెదడే పెడచెవిన పెడుతుంది. మామూలు ఊబకాయానికి లెప్టిన్ ఇంజెక్షన్లు అక్కరకు రానిది అందుకే. ఇక నెట్‌లో అమ్మే 'లెప్టిన్ మాత్రలు'! లెప్టిన్ ప్రోటీన్, మింగితే పప్పులాగే అరిగిపోతుంది.

అడిపోనెక్టిన్‌ది ఇంకో తిరకాసు. పుట్టేది కొవ్వులోనే, కానీ పొట్ట లోపల కొవ్వు పెరిగేకొద్దీ తగ్గుతుంది. కాలేయం, కండరాలు ఇన్సులిన్ మాట వినేలా చేసేది ఇదే కాబట్టి, తగ్గితే ఇన్సులిన్ ఉన్నా పని జరగదు. ఉబ్బిన కొవ్వు కణాల మధ్య మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు చేరి టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి రసాయనాలు వదలడంతో లోలోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెరుగుతుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే చేరతాయి. తొడల కొవ్వుకు ఆ దగ్గరి దారి లేదు.

లెప్టిన్, అడిపోనెక్టిన్ అంకెలు తెలిసినా చికిత్స మారదు. పొట్ట కొలిస్తే చాలావరకు అదే సంగతి తెలుస్తుంది, ఖర్చు లేకుండా.

కొలిచేటప్పుడే తప్పులు. ప్యాంటు సైజు చెప్పి ఊరుకుంటారు మగవాళ్లు. బొజ్జ కిందికి జారిన ప్యాంటు పదేళ్లయినా 34 అంగుళాల దగ్గరే ఉంటుంది, పొట్ట ఎప్పుడో 40 దాటేసి ఉంటుంది. ఆడవాళ్లు లంగా బొందు నొక్కిన గాడి మీద టేపు పెడతారు, అక్కడ తక్కువే వస్తుంది. చివరి పక్కటెముక అడుగు భాగం, తుంటి ఎముక పై అంచు వేళ్లతో తడిమి చూసుకుని, రెంటికీ నడుమ చర్మం మీద టేపు చుట్టాలి. వెనక వైపు జారకుండా అద్దంలో చూసుకోవాలి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. మన వాళ్లకు హద్దు మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80. యూరప్ వాళ్లకు చెప్పే 94 మనకు చెల్లదు. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 22 ఉన్న సన్నపాటి మనిషికీ బొజ్జ ఉండొచ్చు.

ముప్పు లెక్కకు ఐదు గుర్తులున్నాయి. పొట్ట హద్దు దాటడం ఒకటి. పరగడుపు షుగర్ 100, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) 150, బీపీ 130/85 (పై అంకె గానీ కింది అంకె గానీ), వీటిలో ఏది ఆ మేరకు ఉన్నా, పైకి పోయినా ఒక్కోటీ ఒక గుర్తు. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40, ఆడవాళ్లలో 50 కన్నా తగ్గినా అంతే. మందులతో అదుపులో ఉన్నవీ లెక్కలోకే వస్తాయి. ఐదింట్లో మూడు కలిస్తే మెటబాలిక్ సిండ్రోమ్, అంటే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే స్థితి.

బరువు దిగకపోతే వృథా అని నడక మానేసేవాళ్లున్నారు. 2006లో వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అధ్యయనం ఫలితాల్లో తిండి, నడక మార్చుకున్నవాళ్ల బరువు దాదాపు కదల్లేదు, అయినా షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. పరీక్షకు డబ్బు పెట్టాలనే ఉంటే లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), పరగడుపు షుగర్ చేయించుకోండి.

- ఒక మధుమేహ వైద్యుడు, కరీంనగర్