ఫొటోల్లో కనిపించే ఆ సన్నటి స్టాండ్ మా దగ్గర ఎందుకు ఉండదంటే

మా హెడ్‌ఫోన్ స్టాండ్లు వాడుతున్నవారికీ, కొందామా వద్దా అని చూస్తున్నవారికీ నమస్కారం.

కొన్నాళ్లుగా మీ మెసేజ్‌లలో మూడు ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి. ఒకే స్టీలు కమ్మీని వంచి చేసే సన్నటి స్టాండ్ మీరెందుకు చేయరు? ఛార్జింగ్ ఉన్న మోడల్ ఎప్పుడు? ముదురు రంగు చెక్క స్టాండ్ వస్తుందని చెప్పి ఇన్నాళ్లయింది, ఏమైంది? విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఇక్కడే చెప్పేస్తున్నాను. ఇందులో కొన్ని మాటలు మా అమ్మకాలకు అంత మంచివి కావు. ఫర్వాలేదు.

ముందు ఆ సన్నటి స్టాండ్ సంగతి. అది అందంగా ఉంటుందన్న మాట నేనూ ఒప్పుకుంటాను. తెల్లగోడ ముందు పెట్టి ఫొటో తీస్తే హెడ్‌ఫోన్ గాల్లో వేలాడుతున్నట్టే ఉంటుంది. మేమూ ఒక నమూనా చేసి వర్క్‌షాపులో పెట్టుకున్నాం. అమ్మకానికి మాత్రం పెట్టలేదు, పెట్టం కూడా. కారణం హెడ్‌బ్యాండ్ లోపలి కుషన్. మీ హెడ్‌ఫోన్ తీసి ఆ కుషన్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలి చూడండి. లోపల మెమరీ ఫోమ్ ఉంటే గుంట మెల్లగా పూడుతుంది. తల మీద పెట్టుకున్నప్పుడు బరువు నడినెత్తి మీద వెడల్పుగా పరుచుకుంటుంది. పెన్సిల్ లావు కమ్మీకి తగిలిస్తే అదే బరువు ఒక గీతంత చోటులో పడుతుంది. అదీ గంటో రెండు గంటలో అయితే ఏమీ కాదు. స్టాండ్ మీద హెడ్‌ఫోన్ ఉండేది మీరు వాడని సమయమంతా. చొక్కాని మేకుకి తగిలించి వదిలేస్తే మెడ వెనక మొన తేలుతుంది చూడండి, అచ్చం అలాగే కొన్ని నెలలకి కుషన్‌లో అడ్డంగా ఒక గాడి పడుతుంది. పైనున్న కృత్రిమ తోలు ఆ గాడి దగ్గరే ముడతపడి, ముందు అక్కడే పొట్టు లేస్తుంది. చాలా హెడ్‌ఫోన్లలో ఆ తోలు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్. గాల్లో తేమకి, చెమటకి అది ఎలాగూ మెల్లగా పాడయ్యేదే. మడత పడ్డ చోట ఇంకాస్త తొందరగా పోతుంది. చెవుల దగ్గరి ప్యాడ్లయితే చాలా మోడళ్లకి విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. హెడ్‌బ్యాండ్ కుషన్ అంత సులువుగా దొరకదు, దొరికినా మార్చడం అందరివల్లా అయ్యే పని కాదు.

బరువు కూడా చూడాలి. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 సుమారు 250 గ్రాములు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 దానికి కాస్త అటూ ఇటూ. ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దాదాపు 385. ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ లాంటి ప్లానార్ (పల్చటి పొరని అయస్కాంతాలతో కదిలించి శబ్దం పుట్టించే రకం) హెడ్‌ఫోన్ అయితే 600 దాటిపోతుంది. తేలికపాటి హెడ్‌ఫోన్‌ని ఏ కొక్కేనికి తగిలించినా కొంతకాలం ఏమీ తెలియకపోవచ్చు. 600 గ్రాముల దాన్ని సన్న కమ్మీ మీద పెడితే కుషన్ మీద ఆ గుర్తు చాలా ముందే కనిపిస్తుంది.

అందుకే మా స్టాండ్లన్నిటికీ పైభాగం కనీసం 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంచుతున్నాం. నిఠారుగా కాకుండా, తల పైభాగంలా వంపు తిరిగి ఉంటుంది. అంచుల్ని ఉప్పుకాగితంతో గుండ్రంగా తీస్తాం. వేలితో తడిమితే ఎక్కడ అంచు మొదలైందో తెలియకూడదు, మాకదే లెక్క. అలాగని వెడల్పు ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా అనుకోవద్దు. కొన్ని స్టాండ్ల పైభాగం మరీ పెద్దదిగా, ఇయర్ కప్పుల్ని రెండు వైపులా తోసిపట్టేలా ఉంటుంది. హెడ్‌ఫోన్‌ని ఎప్పుడూ అలా విప్పదీసి ఉంచితే దాని బిగి సడలుతుంది. బిగి ఎక్కువై నొప్పి పుడుతున్నవాళ్లు కావాలనే అలా చేస్తుంటారు, అది వేరే విషయం. మామూలుగా అయితే స్టాండ్ మీద ఉన్నప్పుడు కప్పులు కిందికి వదులుగా వేలాడాలి.

ఇక్కడ ఒక రకం హెడ్‌ఫోన్ల గురించి విడిగా చెప్పాలి. ఏకేజీ కే702 లాంటివాటిలో పైన గట్టి కమానులు, వాటి కింద తలకి ఆనే తోలు పట్టీ, దాన్ని లాగిపట్టే సాగే తీగలు ఉంటాయి. స్టాండ్ మీద పెడితే బరువంతా ఆ పట్టీ మీదా, తీగల మీదా పడుతుంది. తల మీద ఉన్నప్పుడూ పడేది అదే, కాకపోతే తల మీద కొన్ని గంటలే. స్టాండ్ మీద రోజుల తరబడి. మీది ఆ రకమైతే, దాన్ని పెద్దగా వాడకుండా ఉంచేస్తుంటే, స్టాండ్ కొనకండి. పెట్టెలోనో అరలోనో పడుకోబెట్టి ఉంచడమే మేలు. రోజూ తీసి వాడుతుంటే మాత్రం టెన్షన్ అక్కర్లేదు.

ఇక అందం. స్టాండ్ చూడముచ్చటగా ఉండాలని అందరూ అంటారు, కానీ ఎంచుకునేటప్పుడు ఫొటోలో హెడ్‌ఫోన్ ఉన్న స్టాండ్‌నే చూస్తారు. నేను దాన్ని ఖాళీగా చూడమంటాను. మీరు పాటలు వింటున్నంతసేపూ, మీటింగ్‌లో ఉన్నంతసేపూ బల్ల మీద కనిపించేది ఖాళీ స్టాండే కదా. కొన్ని స్టాండ్లు హెడ్‌ఫోన్ తీయగానే సగంలో ఆపేసిన పనిలా కనిపిస్తాయి. అవి మీ గదిలో ఎక్కువ రోజులు నచ్చవు.

రంగు విషయంలో మా దగ్గర తరచూ జరిగేది ఒకటుంది. నల్ల హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లు నల్లదో, ముదురు గోధుమ రంగుదో స్టాండ్ అడుగుతారు. మ్యాచింగ్ కదా అని. రెండూ కలిసిపోయి, దూరం నుంచి చూస్తే బల్ల మీద ఒక నల్లటి ముద్ద కనిపిస్తుంది. నల్లదానికి లేత చెక్క గాని, గరుకు ఫినిష్ అల్యూమినియం గాని పెట్టి చూడండి, రెండూ విడివిడిగా తేలతాయి. ముదురు చెక్క తెల్ల, వెండి రంగు హెడ్‌ఫోన్లకి బాగా నప్పుతుంది. మెరుపు ఫినిష్ నాకు ఇష్టం లేదు. వేలిముద్రలు పడతాయి, బల్ల దీపం వెలుగు అందులో పడి కళ్లలోకి కొడుతుంది. అడిగినవారికి చేసిస్తాం, కానీ ఈ మాట చెప్పకుండా ఇవ్వం.

ఎత్తు కూడా అందంలో భాగమే. హెడ్‌ఫోన్ వేలాడినప్పుడు కప్పుల అడుగుకీ బేస్‌కీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే చూడ్డానికి కుదురుగా ఉంటుంది. కప్పులు బేస్‌కి ఆనితే ప్యాడ్లు ఒరుసుకుంటాయి. మరీ ఎత్తయితే స్టాండ్ పొడుగ్గా, హెడ్‌ఫోన్ చిన్నదిగా కనిపిస్తుంది, పైగా తొందరగా ఒరిగిపోతుంది.

ఒరగడం అంటే గుర్తొచ్చింది, రెండు హెడ్‌ఫోన్లు పట్టే స్టాండ్ గురించి. రెండు వైపులా రెండు చేతులుండి, చెరోదానికీ ఒకటి తగిలించేది. రెండూ ఉన్నంతసేపు చక్కగా నిలబడుతుంది. ఒకటి తీయగానే బరువంతా ఒక పక్కకి వచ్చేస్తుంది. చెయ్యి బేస్ అంచు దాటి బయటికి ఉంటే అది పడిపోవడానికి చిన్న తగులు చాలు. ఎక్కడ కొన్నా సరే, ఒకే హెడ్‌ఫోన్ తగిలించి, బల్లని కాస్త కుదిపి చూడండి. ఒంటి చేయి ఉన్న సి ఆకారం స్టాండ్లకి కూడా ఇదే పరీక్ష. హెడ్‌ఫోన్ బరువు దిగే చోటు బేస్ లోపల పడాలి, దాన్ని దాటి ముందుకి రాకూడదు. కొందరు అందం కోసం బేస్‌ని చిన్నగా, పల్చగా చేస్తారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. మేం చెక్క బేస్ అడుగున గాడి తవ్వి ఇనుప పలక కూర్చుతున్నాం. బయటికి కనిపించదు, చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది. ఈ పలక వల్ల కొత్త బ్యాచ్ నుంచి ధర కొంచెం పెరుగుతుంది. ఇప్పటికే బుక్ చేసుకున్నవారికి పాత ధరే.

అడుగున రబ్బరు బిళ్లలు మానేసి మందపాటి ఫెల్ట్ (ఉన్నిలాంటి ఒత్తు గుడ్డ) వేస్తున్నాం. కొన్ని రకాల రబ్బరు, మెత్తటి ప్లాస్టిక్కులలోని నూనెలాంటి పదార్థం పాలిష్ చేసిన బల్లలోకి దిగి మరక పడుతుంది, ఎంత తుడిచినా పోదు. ఫెల్ట్ కాస్త జారుతుంది, నిజమే. బేస్ బరువు పెంచడానికి అది కూడా ఒక కారణం.

ముదురు చెక్క స్టాండ్ ఆలస్యం గురించి. చెక్క వచ్చింది, చిత్రిక పట్టడం అయింది, అతుకులు అయ్యాయి. ఆగింది నూనె ఫినిష్ దగ్గర. అవిసెనూనె లాంటి ఫినిష్ నీళ్లలా ఆవిరై ఆరదు. గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. కొన్ని రోజులకే చేతికి ఆరినట్టు అనిపిస్తుంది కానీ లోపల పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది, తేమ ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. ఈలోపే పంపేస్తే మీ హెడ్‌బ్యాండ్ గుడ్డకి నూనె మరక అంటుతుంది, వాసన ప్యాడ్లకి పట్టేస్తుంది. మేం చూసేది ఒకటే. తెల్ల నూలుగుడ్డని పైభాగం మీద పరిచి, దాని మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచుతాం. పొద్దున గుడ్డ మీద పసుపు చార కనిపిస్తే ఆ స్టాండ్ మళ్లీ అరలోకి వెళ్తుంది. ఇప్పటికింకా కొన్నింటికి చార వస్తోంది. అందుకే తేదీ చెప్పడం లేదు. (ఇంట్లో ఎవరైనా ఇలాంటి నూనె పాలిష్ చేసుకుంటే ఒక జాగ్రత్త: తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి, విడివిడిగా బయట ఆరేయాలి.)

యాక్రిలిక్ (పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్) స్టాండ్లు ఈ బ్యాచ్‌తో ఆపేస్తున్నాం. కొత్తలో అద్దంలా మెరుస్తాయి, ఫొటోలకి బాగుంటాయి. కానీ ఇళ్లలో అన్నిటినీ శానిటైజర్‌తోనో స్పిరిట్‌తోనో తుడిచే అలవాటు ఎక్కువైంది. ఆల్కహాల్ తగిలితే యాక్రిలిక్‌లో, ముఖ్యంగా కోసిన అంచుల దగ్గర, సన్నటి పగుళ్లు వస్తాయి. ఇప్పటికే మా యాక్రిలిక్ స్టాండ్ వాడుతున్నవాళ్లు మెత్తటి గుడ్డ, నీళ్లు, అవసరమైతే రెండు చుక్కల సబ్బు మాత్రమే వాడండి.

ఛార్జింగ్ మోడల్ చేయడం లేదు. ఫోన్‌లా పైన పెడితే ఛార్జ్ అయ్యే హెడ్‌ఫోన్లు చాలా తక్కువ. చాలావాటికి ఎలాగూ వైరు గుచ్చాల్సిందే. స్టాండ్‌లో సర్క్యూట్ పెడితే ఏదో ఒకరోజు అది పోతుంది, దాంతో గట్టిగా ఉన్న చెక్కని కూడా పక్కన పడేయాలి. పైగా లిథియం బ్యాటరీని ఎప్పుడూ 100 శాతం దగ్గరే, వేడిలో ఉంచితే దాని ఆయుష్షు తగ్గుతుంది. బదులుగా నిలువు కర్ర వెనక వైరు దిగడానికి ఒక గాడి ఇస్తున్నాం. మీ ఛార్జర్ వైరునే అందులోంచి తెచ్చుకోండి, ఛార్జ్ అయ్యాక తీసేయండి.

ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ ఉన్నవారు ఇంకోటి అడుగుతున్నారు, స్టాండ్ మీద పెడితే ఆఫ్ అవుతుందా అని. ఆపిల్ చెప్పేదాని ప్రకారం, కేసులో పెట్టకుండా కదలకుండా ఉంచితే 5 నిమిషాలకి తక్కువ పవర్ మోడ్‌లోకి, అలాగే 72 గంటలు ఉంటే ఇంకా తక్కువ మోడ్‌లోకి వెళ్తుంది. అంటే రోజూ వాడేవారికి స్టాండ్‌తో ఇబ్బంది లేదు. ఊరెళ్తూ వదిలేసేటప్పుడు కేసులో పెట్టడం మంచిది. చెవి దగ్గర సెన్సార్ ఉన్న ఏ హెడ్‌ఫోన్‌కైనా ఒకటి చూసుకోండి: కప్పుల లోపలి వైపు స్టాండ్ కర్ర అడ్డంగా ఆనితే, ఎవరో పెట్టుకున్నారనుకుని అది ఆన్‌లోనే ఉండిపోవచ్చు.

స్టాండ్ ఎక్కడ పెట్టాలన్నది మా చేతిలో లేదు కానీ, కిటికీ ఎండ నేరుగా పడే చోట మాత్రం వద్దు. వెనక జాలీ ఉన్న ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్ అయితే దుమ్ము నేరుగా డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) దాకా వెళ్తుంది, కాబట్టి వాడనప్పుడు పైన పల్చటి గుడ్డ కప్పండి. డ్రైవర్లలో అయస్కాంతాలుంటాయి. అందుకే మా వర్క్‌షాపులో ఇనుము గ్రైండింగ్ చేసే వైపుకి మీరు కొలతల కోసం పంపిన హెడ్‌ఫోన్లని అసలు తీసుకెళ్లం, ఆ పొడి అతుక్కుంటే వదలదు.

అందరికీ స్టాండ్ అవసరం లేదన్నది కూడా చెప్పాలి. మడతపెట్టే హెడ్‌ఫోన్‌ని రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవారు కేసులోనే పెట్టుకోండి. బల్ల మీద చోటు లేనివారికి బల్ల అంచుకి కింద బిగించే వెడల్పాటి కొక్కెం చాలు. అది మా దగ్గర లేదు, బయట దొరుకుతుంది. అంటించే రకం కొంటే పెట్టె మీద రాసిన బరువు పరిమితి చూసి, అందులో సగం బరువుకే నమ్మండి.

ఇకపై ఆర్డర్ పెట్టేటప్పుడు హెడ్‌ఫోన్ మోడల్ పేరుతో పాటు మూడు కొలతలు పంపండి: హెడ్‌బ్యాండ్ కుషన్ వెడల్పు, మీరు వాడే సైజులో పెట్టినప్పుడు హెడ్‌బ్యాండ్ నుంచి కప్పుల అడుగు దాకా ఎత్తు, కప్పుల మధ్య ఖాళీ. మామూలు స్కేలు చాలు. స్టాండ్ పెట్టబోయే బల్ల ఫొటో కూడా పంపితే చెక్క రంగు గురించి నా అభిప్రాయం చెప్తాను. యాక్రిలిక్‌కి డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారు అదే తీసుకోవచ్చు, లేత చెక్కలోకి మార్చుకోవచ్చు, వద్దంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఏదైనా ఒక్క మెసేజ్ చేయండి.