ఆ గడి గురించి నన్నెవరూ అడగలేదు

సంపాదకులకు,

‘పెన్షన్ కమ్యూట్ చేస్తే (కొంత పెన్షన్ వదులుకుని, బదులుగా ఒకేసారి సొమ్ము తీసుకుంటే) మునిగినట్టే’ అని ఈ మధ్య మీకు కొందరు రాస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. వాళ్ల లెక్క తప్పని నేననను. అదే లెక్క మా ఇంట్లోనూ ఉంది, బీరువాలో, 2017 క్యాలెండర్ కాగితం వెనక, మా ఆయన చేతిరాతలో.

ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆ ఏడు జూన్ నెలాఖరుకి రిటైరయ్యారు. చివరి బేసిక్ 80,000, పెన్షన్ 40,000. అందులో 40 శాతం, అంటే నెలకి 16,000 వదులుకుంటే, ఏడాదికయ్యే 1,92,000ని ప్రభుత్వ పట్టిక ప్రకారం 8.194తో గుణించి ఒకేసారి 15,73,248 ఇస్తారు. పదిహేనేళ్లు కోత. 180 నెలలకి 28,80,000. కింద ఎర్ర సిరాతో ‘13 లక్షలు నష్టం’ అని రాసి రెండు గీతలు గీశారు. పెన్షన్ కాగితాల్లో కమ్యూట్ చేస్తారా అన్న గడిలో ‘వద్దు’ అని రాసిచ్చేశారు.

2020 నవంబరులో గుండెపోటుతో పోయారు. 41 నెలలు. కోత లేకుండా మాకు మిగిలింది 6,56,000. అదే కమ్యూట్ చేసుంటే తొమ్మిది లక్షల పైచిలుకు ఎక్కువే వచ్చేది. మనిషి పోతే మిగతా కోత ఇంట్లోవాళ్ల దగ్గర రాబట్టరు, ఫ్యామిలీ పెన్షన్‌లో రూపాయి తగ్గించరు. ఇది నాకు ఆయన పోయాకే తెలిసింది. వడ్డీ సంగతి, ఆ మొత్తానికి పన్ను లేదన్న సంగతి వదిలేయండి.

ఆయనకి 67 నిండే తేదీ దాకా, అంటే 2024 జూన్ వరకు నాకు ఫ్యామిలీ పెన్షన్ 40,000 చొప్పున వచ్చింది. ఆ తర్వాత నిబంధన ప్రకారం 24,000, రెండింటి మీదా ధరల పెరుగుదలకి ఇచ్చే డీఆర్. జూలై డబ్బు పడ్డాక బ్యాంకువాళ్లు పొరబడ్డారేమోనని పాస్‌బుక్ పట్టుకుని పరుగెత్తాను.

మా పెద్ద బావగారు కమ్యూట్ చేశారు. ఇప్పుడాయనకి 82. పదిహేనేళ్లకి పూర్తి పెన్షన్ మళ్లీ మొదలైంది (1986లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యం), 80 నిండాక ఇంకో 20 శాతం కలిసింది. ‘నేను నష్టపోయాను కదమ్మా’ అని నవ్వుతారు. అలాంటి నష్టం మాకూ వస్తే బాగుండేది.

పెన్షన్ కాగితాల మీద జాయింట్ ఫొటో కావాలంటే పట్టుచీర కట్టుకుని స్టూడియోకి వెళ్లాను. ఆ ఒక్క గడి గురించి మాత్రం నన్ను ఆయనా అడగలేదు, ఆఫీసులోవాళ్లూ అడగలేదు. రిటైరయ్యేవాళ్లకి కాగితాలు నింపించే రోజున భార్యనో భర్తనో కూడా పిలిచి, రెండు లెక్కలూ ముందుపెడితే ఏం పోతుంది? మా అబ్బాయిది ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం). యాన్యుటీ (కూడిన సొమ్ముతో నెలనెలా పెన్షన్ వచ్చే పాలసీ) కొనే రోజున కోడల్ని పక్కన కూర్చోబెట్టుకోమని ఇప్పట్నుంచే చెబుతున్నాను.

మొన్న మా వీధిలో ఒకావిడ వచ్చింది. వాళ్లాయన వచ్చే నెల రిటైరవుతున్నారు. క్యాలెండర్ కాగితం తీసి చూపించాను. చాలాసేపు చూసి, ‘అక్కా, ఈయనకి షుగర్ ఉంది, ఏం రాయమంటారు?’ అంది.

– ఒక పెన్షనర్ భార్య, కాజీపేట