మంత్రి గారూ, మిల్లు వెనక గదుల్లో ఉన్నవాళ్ల పేర్లు రాయించండి

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లుల్లో పనిచేసే హమాలీని. నడుము పోయినప్పటి నుంచి బస్తా ఎత్తడం లేదు, కాటా దగ్గర లెక్క రాస్తున్నాను. సంఘంలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను, 2013లో గెలిచి ఒక దఫా వార్డు మెంబరుగా కూడా చేశాను. పుట్టింది మాత్రం పాలమూరు జిల్లాలో, కోస్గి దగ్గర పల్లెలో. మీకు వినతిపత్రాలు రోజూ వస్తాయని తెలుసు, మా సంఘం ఇచ్చినవి కూడా ఏదో ఒక ఫైల్లో ఉండే ఉంటాయి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది మా మిల్లుల్లో పనిచేసే బీహార్ కూలీ కుర్రాళ్ల గురించి. కానీ మా తాత దగ్గర మొదలుపెట్టకపోతే మీకు నా బాధ అర్థం కాదు.

మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు కూలీలను జట్టుగా తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట పోయినవాడు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాం రాతి కట్టడం, అక్కడ యంత్రాల కంటే మనుషుల భుజాలే ఎక్కువ పని చేశాయి. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఇంటికి రాకూడదు, ఎంత తీరిందో చెప్పేది మళ్లీ ఆ మేస్త్రీయే. ఆ సాగర్ ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పండింది, వరి వచ్చాక మిల్లులు వచ్చాయి, ఆ మిల్లుల్లో ఇప్పుడు బీహార్ వాళ్లు బస్తాలు మోస్తున్నారు. మా తాతను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, పాలమూరు లేబర్ అన్నారు. ఈ పిల్లల్ని కూడా మేం పేరు పెట్టి పిలవడం లేదు, బీహారోళ్లు అంటున్నాం.

నేను 1991లో ముంబయి పోయాను. అప్పుడు నాకు పదిహేడేళ్లు. చెల్లె పెళ్లికి నాన్న తెచ్చిన అడ్వాన్సు నా మీద పడింది. బిల్డింగ్ పని, పొద్దున్నే నాకా మీద, అంటే కూలీల అడ్డా మీద నిలబడటం, దొరికితే పని లేకపోతే పస్తు. రెండో ఏడాది మాతో పాటు పనిచేసే మనిషి, మా పక్క ఊరివాడే, మూడో స్లాబు మీద నుంచి పడి చచ్చిపోయాడు. కాంట్రాక్టరు వచ్చి ఈ మనిషి ఎవరో నాకు తెలియదు అన్నాడు. నిజంగానే ఏ కాగితం మీదా అతని పేరు లేదు. శవం పక్కన కూర్చొని ఏం చేయాలో తెలియక ఉన్నప్పుడు, పక్క సైటులో పనిచేసే ఒక మరాఠీ అన్న వచ్చాడు. యూనియన్ మనిషి. ఓదార్పు మాట ఒక్కటి చెప్పలేదు. నోటుబుక్కు తీసి పేరేంటి, తండ్రి పేరేంటి, ఏ ఊరు, ఎన్ని రోజుల నుంచి పనిలో ఉన్నాడు, చూసినవాళ్లు ఎవరు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. మా ఊరి పేరు ఆయన నోట్లో సరిగ్గా పలకలేదు, రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాడు. 1923 నాటి నష్టపరిహార చట్టం కింద కేసు వేశారు. రెండున్నరేళ్లు పట్టింది, కానీ పైసలు ఆ మనిషి భార్య చేతికి వచ్చాయి. ఆ రెండున్నరేళ్లలో నేను సంఘం అంటే ఏంటో నేర్చుకున్నాను. హిందీ నేర్చుకున్నది కూడా ఆ మీటింగుల్లోనే.

దక్షిణాది వాళ్లు వెళ్లిపోవాలనే మాట ఆ నగరంలో నేను పోకముందు నుంచే ఉంది. కామాఠీపురాకు ఆ పేరు మన కామాఠీ కూలీల వల్లే వచ్చింది, భివండీలో, సోలాపూర్‌లో మగ్గాల మీద మన నల్గొండ పద్మశాలీలు తరాలుగా బతికారు, అయినా పరాయివాళ్లమే. అలాంటి చోట నా పేరు రాసి సభ్యత్వం రశీదు చేతికిచ్చిన మనిషి మరాఠీ వాడు. ఆ రశీదు ఇప్పటికీ మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది.

2001లో మా అత్తగారి ఊరని మిర్యాలగూడ వైపు వచ్చేశాను. హమాలీ పనిలో చేరాను, సంఘంలో చేరాను. ఇక్కడ బస్తాలు దించడానికి ఇంత, లారీకి ఎత్తడానికి ఇంత, నెట్టు కట్టి పేర్చడానికి ఇంత అని మిల్లర్లతో కూర్చొని రేట్లు మాట్లాడుకుంటాం. ఒకసారి రేట్ల దగ్గర తెగక సమ్మెకు పోయాం. నాలుగో రోజు తెల్లవారుజామున ఒక మిల్లుకు బీహార్ నుంచి జట్టును దింపారు. మేం గేటు దగ్గర అడ్డుకున్నాం, తిట్టాం, ఒకరిద్దరి మీద చేయి కూడా పడింది. ముందు వరసలో నేనున్నాను సార్, ఇది దాచను. అందులో ఒక పిల్లవాడు ఏడుపు గొంతుతో, హమ్ కో కిసీ నే బతాయా నహీ, అన్నాడు. సమ్మె అని మాకెవరూ చెప్పలేదు అని. అక్కడున్న మావాళ్లలో హిందీ బాగా వచ్చింది నాకే. పక్కకు తీసుకుపోయి అడిగితే, ఠేకేదారు, అంటే కూలీల కాంట్రాక్టరు, ఇంట్లో పేష్గీ ఇచ్చి రైలెక్కించాడు, ఎక్కడికో కూడా సరిగ్గా తెలియదు అన్నాడు. పేష్గీ అంటే మా నాన్న తీసుకున్న అడ్వాన్సే. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

తర్వాతి మీటింగులో వీళ్లకు కూడా సభ్యత్వం ఇద్దామన్నాను. ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. "వాళ్లను చేర్చుకుంటే మన పోరగాండ్లకు పని ఉంటదా కాకా?" అని ఒక తమ్ముడు అడిగాడు, ఆ భయం తప్పని నేను అనలేను. వాళ్లను బయట ఉంచితే వాళ్ల రేటు తక్కువే ఉంటుంది, వాళ్ల రేటు తక్కువ ఉన్నన్నాళ్లు మన రేటు పెరగదు, అదే జవాబు చెప్పాను. ఏళ్ల తరబడి అదే చెప్పాను. సభ్యత్వానికి ఏ రాష్ట్రం వాడివి అని అడిగే మాట 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలో లేదు, దాని బదులు వచ్చిన ఇప్పటి కార్మిక కోడ్‌లోనూ లేదు. ఆ గీత మేం గీసుకున్నదే.

వార్డు మెంబరుగా ఉన్నప్పటిది ఇంకొకటి చెప్తాను. మా వార్డు చివర మిల్లు వెనక రేకుల గదుల్లో నలభై మంది దాకా ఉండేవాళ్లు. ఉప్పుడు బియ్యం ఆడే బాయిల్డ్ మిల్లు, ఊక దుమ్ము ఎప్పుడూ గాల్లోనే, పని దిగాక స్నానానికి ఒక్క ట్యాంకరు. అక్కడికి నల్లా పైపు వేయించమని పంచాయతీ మీటింగులో అడిగాను. వాళ్లకు ఇక్కడ ఓటు లేదు కదా, అన్నారు. ఎవరూ కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పారు. నాకైతే ఆ మాట ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది, ఎందుకంటే ముంబయిలో మా బస్తీకి నీళ్లు అడిగినప్పుడు కూడా సరిగ్గా ఇదే మాట చెప్పారు. ఆ పైపు నా పదవీకాలంలో పడలేదు.

2020 లాక్‌డౌన్‌లో మిల్లు గేట్లు మూశాక ఠేకేదార్ల ఫోన్లు కలవలేదు. వలస కూలీకి పన్నెండు కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని మన ప్రభుత్వం చెప్పింది. దానికోసం పేర్లు, ఆధార్ నంబర్లు రాసుకోవడానికి సిబ్బంది మిల్లు వెనక గదులకు వచ్చారు. నాకు తెలిసి సర్కారు మనుషులు ఆ గదుల్లోకి రావడం అదే మొదటిసారి. ఎంతమంది అని అప్పటిదాకా మాకు కూడా తెలియదు. మా సంఘం వాళ్లం కూరగాయలు పోగేసి పంచాం, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు మొదటి శ్రామిక్ రైలు పోయిందని తెలిసిన రోజు మా గదుల్లో వాళ్లు కూడా సంచులు సర్దుకున్నారు. ఆ నెలల్లోనే మావాళ్ల మనసు మారింది. మళ్లీ పనులు మొదలయ్యాక పదకొండు మంది బీహార్ వాళ్లకు సభ్యత్వం రాశాం. ఇప్పుడు ఇంకొంతమంది ఉన్నారు, చాలామంది లేరు, పేరు రాస్తే ఠేకేదారు పంపించేస్తాడని భయం.

పోయిన ఏడాది సంగతి కూడా చూడండి. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా సవరణ చేసి ముసాయిదాలో 65 లక్షల దాకా పేర్లు తీసేసినప్పుడు, మా పిల్లలు రాత్రి పని దిగి ఇళ్లకు ఫోన్లు చేసి నా పేరుందా, నా పేరుందా అని అడిగారు. ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. డిసెంబరులో మన దగ్గర పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా కోస్గి వైపు ముంబయి, పుణెలో ఉన్నవాళ్లకు అభ్యర్థులు ఫోన్లు చేసి బస్సు చార్జీలు పెడతామన్నారు. ఓటు కోసమైనా మావాళ్లను పేరు పెట్టి పిలుస్తున్నారు. ఈ పిల్లల్ని ఇక్కడ అలా పిలిచేవాళ్లు కూడా లేరు.

చట్టం లేక కాదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అదే పనికి స్థానికుడికి ఎంత ఇస్తారో వలస వచ్చినవాడికీ అంతే ఇవ్వాలని అందులో ఉండేది. ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, అది కూలీకి తెలిసిన భాషలో కూడా ఉండాలి, కూలి రేటు ఎంతో, కోతలు ఎంతో అందులో రాయాలి అని కూడా ఉండేది. నేను ముంబయిలో పదేళ్లు, ఇక్కడ పాతికేళ్లు ఉన్నాను, ఒక్క మనిషి చేతిలోనైనా ఆ పాస్‌బుక్ చూడలేదు. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల బదులు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సొంతంగా వచ్చిన కూలీని కూడా వలస కార్మికుడిగా గుర్తించడం అందులో మంచిది, ఒప్పుకుంటాను. కానీ పాత చట్టం ఐదుగురు వలస కూలీలుంటే వర్తించేది, ఇప్పుడు పది మంది ఉండాలి. ఒక్క మిల్లులో నలుగురు ఠేకేదార్ల జట్లు ఉంటే, ఎవరికి వాళ్లు మా దగ్గర తొమ్మిది మందే అని చూపిస్తే మీ ఆఫీసరు ఏం చేస్తారు? మిల్లును మొత్తంగా లెక్కపెట్టాలని రూల్స్‌లో స్పష్టంగా రాయించండి. ఇది మీ చేతిలో ఉన్న పని.

హమాలీలకు బోర్డు కావాలని మా సంఘాలు అడుగుతున్నది కొత్త కోరిక కాదు. పక్కన మహారాష్ట్రలో 1969 నుంచే మాథాడీ చట్టం ఉంది. హమాలీ పేరు బోర్డులో ఉంటుంది, కూలి బోర్డు ద్వారా వస్తుంది, పీఎఫ్ ఉంటుంది. ఇక్కడ మిల్లు మారితే హమాలీ ఎవరికీ చెందనివాడు, మిల్లు వాళ్లను ఈఎస్ఐ అడిగితే వీళ్లు మా వర్కర్లు కాదంటారు. బోర్డు పెట్టండి సార్. పెట్టినప్పుడు తెలంగాణ ఆధార్ ఉండాలనే షరతు మాత్రం పెట్టకండి. ఆ షరతు పెడితే మిల్లుల్లో సగం పని చేస్తున్నవాళ్లు మళ్లీ బయటే ఉంటారు, మళ్లీ ఏదో ఒక తెల్లవారుజామున గేటు దగ్గర కూలీలే కూలీలను కొట్టుకుంటారు.

ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. దాని గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఉన్నారు, వాళ్లను పిలిచి వినండి.

యాసంగి వడ్లు మిల్లులకు రావడం మొదలైతే కొత్త జట్లు దిగుతాయి. అప్పుడు హిందీ వచ్చిన ఒక లేబర్ ఆఫీసరును, ఒక రిజిస్టరును మా దగ్గరకు పంపండి. పగలు వస్తే లాభం లేదు, ఠేకేదారు పక్కనే ఉంటాడు. సాయంత్రం పని దిగాక, ఏడు దాటాక రావాలి. గదులు ఎక్కడెక్కడ ఉన్నాయో మేం వెంట వచ్చి చూపిస్తాం, భాష దగ్గర ఇబ్బందైతే నేను ఉంటాను. ముందు పేరు, తండ్రి పేరు, ఊరు, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడు, ఈ నాలుగూ రాయించండి. ఊరి పేరు అర్థం కాకపోతే రెండుసార్లు అడగమనండి.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక హమాలీ,
ఒకప్పటి పాలమూరు లేబర్