తవ్వే ముందు వాల్వు టైము రాయండి

సంపాదకునికి,

నల్లా నీళ్లు కలుషితమై వాంతులు, విరేచనాలు మొదలైతే, కేసులు ఎక్కువొచ్చిన వీధిలోనే పైపు తవ్వడం మన దగ్గర అలవాటు. లీకేజీ చాలాసార్లు ఎగువన ఉంటుంది. దాన్ని డీప్ లెర్నింగ్‌తో, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ పద్ధతితో, పట్టొచ్చు. అయితే సగం పని వాల్వులు తిప్పే లైన్‌మన్‌దే.

ట్యాంకులు, వాల్వులు, పైపుల కూడళ్లను నోడ్లుగా, అంటే చుక్కలుగా గీసి, పైపుల్లో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే, ఉచితంగా దొరికే ఈపీఏనెట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో నోడ్ దగ్గర మురుగు కలిసినట్టు వేలసార్లు నడపాలి. ఆ ఫలితాలతో గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఇలాంటి నోడ్లు, లింకుల పటాల నుంచి నేర్చుకునే డీప్ లెర్నింగ్ మోడల్‌కు, శిక్షణ ఇవ్వాలి. అది ఒక్క చోటు చూపదు, నాలుగైదు అనుమానపు చోట్లు వరుసగా ఇస్తుంది. అదీ మేలే. పైపుల్లో మురుగులాగే వదంతీ లింకుల వెంటే పాకుతుంది. వదంతుల వ్యాప్తిపై పరిశోధకులు దేవవ్రత్ షా, తౌహీద్ జమాన్ ప్రచురించిన లెక్క చూడండి: ప్రతి నోడ్‌కు మూడు లింకులున్న చెట్టులాంటి నెట్‌వర్క్‌లో ఎవరికి ముందు చేరిందో తెలియకపోతే, మూలం సరిగ్గా దొరికే అవకాశం నూటికి 25 మాత్రమే.

అందుకే టైము ముఖ్యం. నల్గొండైనా పాలమూరైనా నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది. నల్లాలకు బిగించిన మోటార్లు ఆ మురుగును ఇంకా లాగుతాయి. 24 గంటల సరఫరా అనుకుని శిక్షణ ఇచ్చిన మోడల్ ఇక్కడ తప్పు వీధిని చూపొచ్చు. మ్యాపులో లేని కొత్త కనెక్షన్లది మరో తలనొప్పి.

వాల్వు తిప్పిన టైము, జబ్బు మొదలైన తేదీ, లైను చివర క్లోరిన్ రీడింగు రిజిస్టర్‌లో ఉండాలి. క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకన్నా తగ్గితే అనుమానించాలి. బాగున్న రీడింగులూ రాయాలి, మోడల్ వాటితోనే అనుమానపు జాబితాలోంచి వీధులను తీసేస్తుంది.

- నీటి సరఫరా ఇంజినీర్లు, మిర్యాలగూడ