నా వెన్ను నిలబెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే దాడిచేసే లూపస్ అనే జబ్బు కోసం ఏళ్ల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నాను. ఆ మందు వల్ల ఎముకలు గుల్లబారాయని తెలిసిన నాటి నుంచి నాకు అండగా నిలిచిన వారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. పేర్లు రాయడం లేదు. ఎవరి గురించి రాశానో చదివితే వారికే తెలుస్తుంది.

మొదటి నమస్కారం కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు చూసే మా రుమటాలజిస్టు గారికి. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని స్థితిలో నన్ను గట్టెక్కించింది స్టెరాయిడే. ఆ మేలును ఆమె ఏనాడూ తక్కువ చేసి మాట్లాడలేదు. అదే మందు ఎముకలకు చేసే కీడునూ దాచలేదు. రెండు మాటలనూ ఒకే గొంతుతో చెప్పగలిగే డాక్టరు దొరకడం నా అదృష్టం.

నేను ఆమె దగ్గరకు వెళ్లింది కీళ్లనొప్పుల గురించి, నీరసం గురించి. వెన్ను ఊసే ఎత్తలేదు, ఎందుకంటే అక్కడ నొప్పి లేదు. ఆమె మాత్రం చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, నా ఎత్తు కొలిచారు. పాత చీటీలో ఉన్నదానికంటే మూడు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. మళ్లీ కొలిచారు, అంతే వచ్చింది. వెంటనే వెన్నుకు పక్కవాటంగా ఎక్స్‌రే తీయించారు. నడుముకు కాస్త పైన ఒక వెన్నుపూస వెనకవైపు మామూలుగానే ఉంది, ముందువైపు మాత్రం నలిగి కుదించుకుపోయింది. వెన్నుపూసలు చాలామందిలో ఇలాగే చడీచప్పుడు లేకుండా విరుగుతాయని అప్పుడే తెలిసింది. ఆ రోజు ఆమె నా ఎత్తు కొలవకపోతే రెండోది, మూడోది కూడా విరిగేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

"నా తిండిలో లోపమా? నడక తక్కువైందా?" అని అడిగాను. స్టెరాయిడ్ ఎముకను కట్టే కణాలను అణచివేస్తుందని, కరిగించే కణాలకు ఊతమిస్తుందని, పేగు నుంచి ఒంటికి పట్టే కాల్షియం తగ్గి మూత్రంలో పోయేది పెరుగుతుందని ఆమె బొమ్మ గీసి చూపించారు. నష్టం మందు మొదలుపెట్టిన తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువ వేగంగా జరుగుతుందట. రోజుకు 2.5 మిల్లీగ్రాములు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడేవారందరికీ ఎముకలు విరిగే ముప్పు ఎంతో చూడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ సూచిస్తోందని కూడా చెప్పారు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ కార్టిసాల్ మితిమీరడం వల్ల వస్తుందని ఇప్పుడు తెలిసిన జబ్బులో ఎముకలు పెళుసవుతాయని అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ 1932లోనే రాశారు. కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను కీళ్లవాతానికి మొదటిసారి వాడింది 1948లో. అంటే మందు రాకముందే ఈ ముప్పు తెలుసు. "ఇందులో మీ తప్పు ఏమీ లేదమ్మా" అని ఆమె అన్న తీరుకు నా గుండెల మీది బరువు దిగింది.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.1 వచ్చింది. ఎముకలు గుల్లబారాయని లెక్కించే మైనస్ 2.5 దాకా పోలేదు కదా, ఫరవాలేదు అనుకుని ఊరట చెందబోయాను. స్టెరాయిడ్ వాడేవారిలో సాంద్రత అంత తగ్గకముందే ఎముక విరుగుతుందని, వెన్నుపూస విరిగాక ఇక స్కోరుతో పని లేదని ఆమె తేల్చి చెప్పారు. ఆ పట్టుదలకు ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను.

తర్వాత నర్సు గారు. కొత్త ఎముకను కట్టించే టెరిపరటైడ్ రోజూ 20 మైక్రోగ్రాములు, పెన్నులాంటి పరికరంతో ఎవరికి వారే పొడుచుకోవాల్సిన ఇంజక్షన్. సూది చూస్తేనే నా చేతులు వణికేవి. ఆమె నా చేతిని తన చేతిలోకి తీసుకుని, తొడ మీద చర్మం మెల్లగా పట్టుకోవడం, సూది గుచ్చడం, మీట నొక్కి నిదానంగా ఐదు లెక్కపెట్టాక తీయడం ఒక్కొక్కటిగా చేయించారు. మొదట్లో కళ్లు తిరగవచ్చు కాబట్టి కూర్చునే తీసుకోవాలని, పెన్ను ఫ్రిజ్‌లోనే ఉంచినా గడ్డకట్టనివ్వకూడదని, తెరిచాక 28 రోజులకు మందు మిగిలినా పారేయాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులో ఉంది.

ఆ ఇంజక్షన్ల గడువు ముగిశాక ఊరుకుంటే పెరిగిన ఎముక మళ్లీ పోతుంది. అందుకే పళ్ల డాక్టరుకు చూపించుకున్నాక, ఎముక కరగడాన్ని తగ్గించే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ మాత్ర వారానికి ఒకసారి మొదలైంది. పరగడుపున గ్లాసు నిండా మామూలు నీళ్లతోనే మింగాలని, అరగంట దాకా నడుము వాల్చకూడదని, ఏమీ తినకూడదని, కాల్షియం మాత్రకు వేరే పూట ఉండాలని మందుల షాపు ఫార్మసిస్టు గారు ఎంత రద్దీలోనైనా ఓపికగా గుర్తుచేసేవారు.

ఫిజియోథెరపిస్టు గారి గురించి ఎంత రాసినా తక్కువే. విరిగిన వెన్ను అనగానే కదలకుండా పడుకోవాలనే భయం పట్టుకుంది. ఆయన మొదటి రోజు వ్యాయామం జోలికే పోలేదు. పక్క మీద నుంచి లేవడం నేర్పారు. మోకాళ్లు మడిచి, భుజం, నడుము రెండూ కలిపి ఒకేసారి పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జారుస్తూ మోచేతి ఊతంతో కూర్చోవాలి. నేల మీద వస్తువు తీయాలంటే వెన్ను గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర మడిచి, మోకాళ్లు వంచాలి. ముందుకు వంగితే, వంగి మెలితిరిగితే బరువంతా వెన్నుపూసల ముందు అంచు మీదే పడుతుందని నా ఎక్స్‌రేనే చూపించి వివరించారు. ఆ తర్వాతే గోడకు వీపు ఆనించి భుజాలు వెనక్కి లాగడం, నడక, ఒంటికాలి మీద నిలబడడం ఒక్కొక్కటిగా కలిపారు. నేను భయంతో ఆగిపోయిన ప్రతిసారీ ఆయన కూడా ఆగేవారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మా తమ్ముడు ఇంట్లో జారే పట్టాలు తీసేశాడు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాడు, రాత్రి నడిచే దారిలో దీపం పెట్టాడు. చెప్పకుండానే చేశాడు. వాడికి ఇక్కడ థాంక్స్ చెబితే కోప్పడతాడు, అయినా చెబుతున్నాను.

చివరగా, నాలాగే లూపస్‌తో ఉన్న అక్క. ఎక్స్‌రే చూసిన రాత్రి, ఇక స్టెరాయిడ్ ముట్టనని ఏడుస్తూ మీకే ఫోను చేశాను. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందును ఉన్నపళంగా ఆపితే, ఒంటికి కావాల్సిన కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అందుకోలేక ప్రాణం మీదికి వస్తుందని చెప్పి, తెల్లవారగానే డాక్టరుతో మాట్లాడేదాకా నన్ను వదల్లేదు. డాక్టరు గారు లూపస్‌కు నేను వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు, రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ జతచేసి, స్టెరాయిడ్‌ను నెలల మీద మెల్లగా 5 మిల్లీగ్రాములకు దించారు. ఈమధ్య చేసిన స్కాన్‌లో వెన్ను సాంద్రత పెరిగింది. కొత్తగా ఏ పూసా విరగలేదు.

అక్కా, మీ డెక్సా స్కాన్ వాయిదా పడుతూనే ఉంది. తేదీ ఖరారు కాగానే ఒక్క ఫోను చేయండి, తోడు నేను వస్తాను.